కొలువు నుంచి కొలువుకు: రామదాసు రచనల్లో ఉద్యోగి, దాసుడు

వ్యాససంగ్రహం

జీవితానికి గమ్యం స్వీయోన్నతిలో కాక భగవత్సేవలో ఉందన్న భావాన్ని తెలుగు సాహిత్య విమర్శ ఎక్కువగా రాజాశ్రయాన్ని కాదన్న కవుల ఆధారంగా చర్చించింది. పన్ను వసూలు చేసే ఉద్యోగంలో ఉంటూనే దైవసేవను ఎంచుకున్న కంచర్ల గోపన్న ఆ చట్రంలో సరిగా ఇమడడు. అతని కీర్తనల్లోనూ దాశరథీ శతకంలోనూ ఉద్యోగి భాష, దాసుని భాష విడదీయరానంతగా కలిసిపోయాయనీ, స్వార్థానికీ సేవకూ నడుమ జరిగిన పెనుగులాట ఆ కలయికలోనే చదవాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రామదాసు, కీర్తనలు, దాశరథీ శతకం, దాస్యభక్తి, కొలువు, గోల్కొండ, కూకట్‌పల్లి.

1. ఉపోద్ఘాతం

కూకట్‌పల్లి నుంచి గోల్కొండ కోటకు నేరుగా కొలిస్తే సుమారు 12 కిలోమీటర్లు. ఆ దారిలోనే 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్, దాని చుట్టూ పెరిగిన హైటెక్ సిటీ ఉన్నాయి. 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, హౌసింగ్ బోర్డు కాలనీ, వాటి చుట్టూ వెలసిన శిక్షణ కేంద్రాలు, హాస్టళ్లు కలిసి కూకట్‌పల్లిని ఉద్యోగార్థుల ఊరుగా మార్చాయి. ఉద్యోగం కోసం జిల్లాల వాళ్లు రాజధాని వైపు చూడటం ఈ ప్రాంతానికి కొత్త విషయం కాదు. 17వ శతాబ్దంలో నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న ఇదే గోల్కొండ ప్రభుత్వంలో కొలువు సంపాదించాడు. ఆ తరువాత అదే కోటలో బందీ అయ్యాడు. నేడు శ్రీరామనవమి వస్తే కూకట్‌పల్లి పందిళ్లలో వినిపించే కీర్తనల్లో ఆ బందీ రాసినవి తప్పకుండా ఉంటాయి.

గోపన్న జీవితానికి రెండు పఠనాలు స్థిరపడ్డాయి. మొదటిది భక్తచరిత్రల పఠనం: లౌకిక పదవిని తృణప్రాయంగా ఎంచి రాముని సేవలో తరించిన మహాభక్తుడు. రెండవది దానికి ఎదురు నిలిచే లౌకిక పఠనం: ప్రజాధనాన్ని అనుమతి లేకుండా ఖర్చు చేసి శిక్ష అనుభవించిన అధికారి. చిత్తూరు వి. నాగయ్య 1964లో తీసిన ‘భక్త రామదాసు’, కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’ మొదటి పఠనాన్ని ఇంటింటికీ చేర్చాయి. రెండవది తరగతి గదుల్లో విద్యార్థి ప్రశ్నగా తరచూ ఎదురవుతుంది. సర్కారు సొమ్ముతో గుడి కట్టడం సేవ ఎలా అవుతుందన్న ఆ ప్రశ్నకు భక్తి పారవశ్యం గురించి ఉపన్యసించడం సమాధానం కాదు. ఆ ప్రశ్నను గోపన్న రచనలే లేవనెత్తుతున్నాయి కనుక సమాధానాన్ని కూడా వాటిలోనే వెతకవలసి ఉంటుంది.

2. ‘కొలుచు’: ఒక మాట, మూడు పనులు

తెలుగులో ‘కొలుచు’ అన్న క్రియకు ధాన్యాన్ని కొలవడం ఒక అర్థం, ప్రభువును సేవించడం మరొకటి, దైవాన్ని పూజించడం ఇంకొకటి. ‘కొలువు’ అంటే రాజసభ, ఉద్యోగం, దేవుడు వేంచేసి ఉండటం కూడా. ప్రభుత్వోద్యోగాన్ని నేటికీ పత్రికలు ‘సర్కారు కొలువు’ అనే రాస్తున్నాయి. దేవుడు గుడిలో ‘కొలువై ఉన్నాడు’ అనడమూ వాడుకే. ఈ పదాల వ్యుత్పత్తి ఒకటేనా, వేరువేరా అన్నది భాషాశాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం. సాహిత్య విద్యార్థికి ముఖ్యమైనది వేరే ఉంది. పరగణా పంటను కొలిచి శిస్తు కట్టించడం, గోల్కొండ ప్రభువును కొలవడం, భద్రగిరి రాముణ్ణి కొలవడం అనే మూడు పనులనూ ఒకే మనిషి చేశాడు. అతని భాషలో మూడింటికీ ఒకే మాట ఉంది.

జీవిత లక్ష్యాన్ని గురించిన చర్చలో ఈ పదసామ్యం చిన్న విషయం కాదు. స్వీయోన్నతిని, దైవసేవను రెండు వేరు దారులుగా చూపించే వ్యాఖ్యానానికి తెలుగు నుడికారం అడ్డు తగులుతుంది. ఈ నుడికారంలో మనిషి ఎప్పుడూ ఎవరి కొలువులోనో ఒకరి కొలువులో ఉంటాడు. ఎవరి కొలువు అన్నదే మిగిలే ప్రశ్న.

3. కాదన్నవారు, చేరినవాడు

పోతన భాగవతాన్ని రాజుకు ఇవ్వనన్నాడని, అన్నమయ్య రాజును కీర్తించనని సంకెళ్ల పాలయ్యాడని, త్యాగరాజు తంజావూరు పిలుపును నిరాకరించాడని సంప్రదాయం చెబుతుంది. రాజసేవను నిరసించడంలో ధూర్జటి కాళహస్తీశ్వర శతకానిది వేరే తీవ్రత. రాయల ఆస్థానంతో అతనికున్న సంబంధమే ఆ నిరసనకు పదును పెట్టిందని విమర్శకులు గుర్తించారు. ఈ కవులందరిలోనూ దైవసేవకు తొలిమెట్టు నిరాకరణ. ‘వద్దు’ అన్న మాటతోనే వారి కథ మలుపు తిరుగుతుంది.

గోపన్న కథలో ఆ ‘వద్దు’ కనిపించదు. గోల్కొండ మంత్రులు అక్కన్న, మాదన్నలు అతని మేనమామలని ప్రసిద్ధి. పాల్వంచ పరగణా తహసీల్దారు పదవి వారి పలుకుబడితో వచ్చిందంటారు. అతను పదవి వదులుకోలేదు. అది ఇచ్చిన అధికారంతో, అది వసూలు చేయించిన ధనంతో భద్రాచలంలో గుడి కట్టించాడు. నిరాకరించిన కవికి చేతులు శుభ్రంగా ఉంటాయి. పదవిలో ఉండి సేవ చేయదలచినవాడికి ఆ సౌకర్యం లేదు. అందుకే, నేటి ఉద్యోగి ప్రశ్నలకు పోతన కన్నా గోపన్నే దగ్గరవాడు. పోతన ఆదర్శమవుతాడు, గోపన్న సమస్య అవుతాడు.

4. లెక్క చెప్పిన కీర్తన

‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనను పాడేవారు, వినేవారు సాధారణంగా ఆర్తి గీతంగా గ్రహిస్తారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానంతో రామదాసు కీర్తనలకు వచ్చిన విస్తృత ప్రచారంలో ఆ ఆర్తే ముందుకు వచ్చింది. అయితే దీని నిర్మాణాన్ని చూస్తే ఇది ఒక జమాఖర్చుల పట్టీ. గుడి చుట్టూ ప్రాకారం కట్టించినందుకు ఇంత, భరతునికి చేయించిన పచ్చల పతకానికి ఇంత, శత్రుఘ్నుని బంగారు మొలత్రాటికి ఇంత, లక్ష్మణుని ముత్యాల పతకానికి ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత అని వస్తువు, వెల వరసగా సాగుతాయి. వరహాలు, మొహరీలు అని నాణేల పేర్లు కూడా మారుతాయి. భక్తి గీతంలో ఇన్ని నాణేలు మరెక్కడా మోగవు.

ఈ పట్టీలో మూడు విషయాలు గమనార్హం.

ఒకటి, వెల. ప్రచారంలో ఉన్న పాఠంలో ప్రతి వస్తువుకూ పదివేలే. ప్రాకారానికీ పదివేలు, మొలత్రాటికీ పదివేలు. నిజమైన దస్త్రంలో ఇలాంటి లెక్క నిలవదు. ఏ తనిఖీ అధికారి ముందు పెట్టినా మొదటి ప్రశ్న దీని మీదే వస్తుంది. అంటే లెక్కల భాషను తీసుకున్న గోపన్న లెక్కను మాత్రం వదిలేశాడు. దెబ్బలు తింటున్న ఉద్యోగి నోట సంఖ్య పాటకు పల్లవిలా తిరిగి తిరిగి వస్తుంది.

రెండు, క్రియ. చరణం తరువాత చరణంలో ‘నేను చేయించాను’ అన్న అర్థమిచ్చే ఉత్తమపురుష క్రియ వస్తుంది. దాసుడు తన సేవను తానే జాబితా వేసి యజమాని ముందు పెడుతున్నాడు. నేటి కార్యాలయాల్లో ఏడాదికోసారి ఉద్యోగి నింపే అప్రైజల్ పత్రానికి ఇది ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు. సేవలో కూడా ‘నేను’ ఎంత బలంగా మిగిలి ఉంటుందో ఈ కీర్తన దాచకుండా చూపిస్తుంది. స్వార్థాన్ని విడిచి దైవసేవకు మరలడం అన్నది ఒక్కసారిగా జరిగిపోయే సంఘటనగా భక్తచరిత్రలు చిత్రిస్తాయి. గుడి పూర్తయిన తరువాత కూడా ‘నేను’ పూర్తి కాలేదని గోపన్న కీర్తన సాక్ష్యమిస్తుంది.

మూడు, ఒక మౌనం. ఈ నగలతో ఎవరి సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణి నిలదీస్తూ, తండ్రి దశరథుడు పెట్టాడా, మామ జనకుడు పంపాడా అని గోపన్న అడుగుతాడు. ఎత్తిపొడుపు అద్భుతంగా పేలుతుంది. ఇంటి గొడవలో కోడలి పుట్టింటివారిని లాగే తెలుగు ధోరణి అంతా అందులో ఉంది. కానీ ఆ సొమ్ము దశరథుడిది కాదు, జనకుడిదీ కాదు అంటే, మరి ఎవరిది? గోపన్న చెప్పదలచిన సమాధానం ‘నాది’. గోల్కొండ చెప్పే సమాధానం ‘ఖజానాది’. ఈ రెండింటికీ వెనుక మరో సమాధానం ఉంది: పాల్వంచ పరగణా రైతులది. ఆ సమాధానం కీర్తనలో లేదు. గోపన్న విడిగా చందాలు పోగుచేశాడని ఒక కథనం, రైతులే ఇష్టపడి ఇచ్చారని మరొక కథనం ఉండటం చూస్తే, ఈ మౌనం సంప్రదాయాన్ని కూడా ఇబ్బంది పెట్టిందని అర్థమవుతుంది. దైవసేవ గొప్పదనం గురించి మాట్లాడే విమర్శ ఈ చోట ఆగి రైతును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తిట్టిన వెంటనే గోపన్న వెనక్కి తగ్గుతాడు. దెబ్బలకు ఓర్వలేక అన్న మాటలని, మనసులో పెట్టుకోవద్దని వేడుకుంటాడు. చివరికి తనను ఏలుకొమ్మంటాడు. నిలదీత నుంచి క్షమాపణకు, అక్కడి నుంచి శరణాగతికి కొద్ది చరణాల్లోనే చేరుకోవడం ఈ కీర్తన బలం. ఆ ప్రయాణంలో జాబితా కొట్టివేత పడదు. చెప్పిన లెక్క చెప్పినట్టే ఉంటుంది, చెప్పినవాడి నిలుచున్న చోటు మారుతుంది.

5. దఫ్తరు మాటలు, భక్తి భావాలు

మిగిలిన కీర్తనల్లో ఉద్యోగి భాష ఇంత బాహాటంగా కాకపోయినా వినిపిస్తూనే ఉంటుంది. ‘నను బ్రోవమని చెప్పవే’ కీర్తనలో సీతమ్మను వేడుకునే తీరు సిఫారసు కోరే అర్జీదారుడిది. ప్రభువు ప్రసన్నంగా ఉండే ఏకాంత సమయం చూసి తన మాట ఎత్తమంటాడు. మేనమామల సిఫారసుతో కొలువులో చేరినవాడికి ఈ మర్మం తెలియనిది కాదు. శ్రీవైష్ణవ సంప్రదాయంలో అమ్మవారి పురుషకారానికి ఉన్న తాత్విక స్థానం ఈ కీర్తనకు భూమిక అన్నది నిజమే. ఆ భూమిక మీద గోపన్న నడిచిన నడక మాత్రం దర్బారు తెలిసినవాడి నడక. ‘పలుకే బంగారమాయెనా’ అన్న పల్లవి ఇంటింటా వాడే నుడికారమే. బంగారం లెక్కల మీద బందీ అయినవాడు దాన్ని వాడినప్పుడు అందులో మరో బరువు చేరుతుంది.

దాశరథీ శతకంలో ఈ భాష పద్యపు గాంభీర్యంతో కనిపిస్తుంది. ఉత్పలమాల, చంపకమాలల్లో సాగే ఈ శతకంలో ఒక పద్యం రాముణ్ణి పాతరలోని నిధిగా ఊహిస్తుంది. తర్కమనే గుద్దలితో ఎంత తవ్వినా దొరకని ఆ నిధి, భక్తి అనే అంజనం వేసుకున్న కంటికి కనిపించి చేతికి వచ్చిందని కవి పొంగిపోతాడు. ఖజానా నింపడం వృత్తిగా గలవాడు దైవాన్ని ఖజానాగా చూడటం సహజమే. గమనించవలసింది దిశ. ఉద్యోగిగా అతను ధనాన్ని పోగుచేసి పైకి పంపాడు. ఇక్కడ నిధి అతనికే అందింది, దాన్ని ఎవరికీ పంపవలసిన పని లేదు.

మరో పద్యం వృద్ధాప్యాన్ని, మరణ సమయాన్ని చిత్రిస్తుంది. గొంతులో కఫం అడ్డుపడి, చుట్టాలు చుట్టూ మూగిన వేళ నీ పేరు తలచగలనో లేదో, అందుకే ఇప్పుడే భజిస్తున్నానని కవి అంటాడు. శతక సాహిత్యంలో ఈ భావం అరుదైనదేమీ కాదు. అయినా దీని వెనుక ఒక వాయిదా మనస్తత్వాన్ని తిరస్కరించే తెగువ ఉంది. ‘సెటిలైన తరువాత చూద్దాం’ అన్న మాట ఐటీ నడవాలో రోజూ వినిపించేదే. చదువు, కొలువు, పెళ్లి, ఫ్లాటు, పిల్లల చదువు అయ్యాక జీవితానికి అర్థం వెతకాలన్న వరస ఒకటి తయారైంది. ఆ వరస చివర ఏముంటుందో ఈ పద్యం కఫంతో సహా చూపిస్తుంది. కూకట్‌పల్లి విద్యార్థికి ఈ శతకాన్ని పరిచయం చేయదలచిన అధ్యాపకుడు మొదలుపెట్టదగిన పద్యం ఇదే.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది కవి తనను పరిచయం చేసుకునే పద్యం. లింగన మంత్రి కుమారుణ్ణని, అత్రి గోత్రజుణ్ణని, కంచర్ల వంశం వాణ్ణని, కవులందరూ మెచ్చేలా ఈ కృతి రచించి నీకు అంకితమిస్తున్నానని, గోపకవీంద్రుణ్ణని చెప్పుకొని, నీ దాసుణ్ణని ముగిస్తాడు. తండ్రి పదవి ఉంది, వంశం ఉంది, కవిగా పేరు కోరే కోరిక స్పష్టంగా ఉంది. తన తహసీల్దారు పదవి మాత్రం లేదు. గుడి కట్టించిన విషయమూ ఈ పద్యంలో లేదు. కీర్తనలో నగల జాబితా వేసిన మనిషి, తనను తాను నిర్వచించుకోవలసి వచ్చినప్పుడు వాటిని పక్కన పెట్టాడు. అలాగని ఆకాంక్షను పూర్తిగా చంపుకున్నానని నటించలేదు. కవులు మెచ్చుకోవాలన్న కోరిక, దాసుణ్ణన్న మాట ఒకే పద్యంలో పక్కపక్కన నిలబడ్డాయి. నిష్కామ సేవ గురించి ప్రబోధించే ఎన్నో రచనల కన్నా ఈ పద్యం నిజాయితీ గలది.

6. రసీదు

కథలో అందరికీ తెలిసిన ఘట్టం విడుదల. రామలక్ష్మణులు సేవకుల రూపంలో వచ్చి తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు తీసుకున్నారని, ఆ రసీదు బందీఖానాలో గోపన్న దగ్గర దొరికిందని జనశ్రుతి. దీన్ని చారిత్రక ఘటనగా నిరూపించడం సాహిత్య విమర్శ పని కాదు. జనం ఈ కథను ఈ రూపంలోనే ఎందుకు దాచుకున్నారన్నది మాత్రం విమర్శ అడగవలసిన ప్రశ్నే.

దేవుడు తలచుకుంటే కోట గోడలు కూల్చవచ్చు, నవాబును శిక్షించవచ్చు. పురాణాల్లో అటువంటి ఘట్టాలకు కొదవలేదు. ప్రహ్లాదుని కోసం స్తంభం చీలింది. గోపన్న కోసం వచ్చిన దేవుడు డబ్బు కట్టి రసీదు రాయించుకున్నాడు. అంటే ఖజానాకు రావలసింది రావలసిందేనని కథ ఒప్పుకుంటోంది. దైవసేవ పేరు చెబితే బాకీ మాఫీ కాదు. బాకీ తీరాలి, తీరినట్టు కాగితం ఉండాలి. విద్యార్థి తరగతిలో లేవనెత్తిన ప్రశ్నను జనం శతాబ్దాల క్రితమే కథలో పెట్టి జవాబు కూడా చెప్పారు. తెలుగు సమాజపు నైతిక స్పృహ ఈ రసీదులో ఎంత సున్నితంగా పనిచేసిందో భక్తచరిత్రకారులు గాని, వారిని విమర్శించినవారు గాని తగినంతగా గుర్తించలేదు. మొదటివారు అద్భుతం దగ్గర ఆగిపోయారు, రెండవవారు నేరం దగ్గర ఆగిపోయారు.

ఈ కథ తానీషాను కూడా రాక్షసుణ్ణి చేయదు. అబుల్ హసన్ 1672లో గద్దెనెక్కేముందు చాలా ఏళ్లు సూఫీ గురువు షా రాజు శిష్యుడిగా గడిపాడు. తానీషా అన్న పేరు కూడా ఆ గురువు పెట్టినదే అంటారు. గురుసేవలో ఉన్నవాడిని అదృష్టం సింహాసనం మీద కూర్చోబెట్టింది. కొలువులో ఉన్నవాడిని భక్తి చెరసాలకు పంపింది. 1686లో అక్కన్న మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687లో ఔరంగజేబు సేనలకు గోల్కొండ లొంగిపోయింది. తానీషా దౌలతాబాదు కోటలో బందీగానే కన్నుమూశాడు. పదవి ఎంత నిలుస్తుందన్న ప్రశ్నకు ఇంతకన్నా వ్యాఖ్యానం అక్కరలేదు. భద్రాచల కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషాతో మొదలైందని చెబుతారు. కుతుబ్‌షాహీలు పోయారు, నిజాములు పోయారు, ఆచారం ఇప్పటికీ సాగుతోంది.

7. దమ్మక్క పందిరి

గోపన్నకు ముందు భద్రగిరి మీద రాముని కొలిచినది పోకల దమ్మక్క అని స్థలపురాణం. విగ్రహాలను గుర్తించి, పందిరి వేసి, తాటిపండు నివేదించిందని చెబుతారు. ఆమెకు పదవి లేదు, ఖజానా లేదు, చెప్పుకోవడానికి జాబితా లేదు. ఆమె చేసిన సేవకు వెల కట్టే కీర్తన పుట్టలేదు. కట్టడానికి అక్కడ వెల లేదు.

గోపన్న కథను చెప్పే ప్రతి సంప్రదాయమూ ముందు దమ్మక్కను చెప్పడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. తాటాకు పందిరి పక్కన పెట్టి చూస్తేనే ప్రాకారం ఎత్తు తెలుస్తుంది. ప్రాకారం కట్టించినవాడికి తాను కట్టించాననే భావన నుంచి బయటపడటానికి చెరసాల కావలసి వచ్చింది. దమ్మక్కకు అది అవసరం కాలేదు. స్థానిక స్త్రీ చేసిన ఈ మొదటి కొలువు మీద విడిగా జరగవలసిన పరిశోధన చాలా మిగిలే ఉంది.

8. చేయించడానికి ఏమీ మిగలని చోట

గోల్కొండ కోటలో రామదాసు బందీఖానాగా చూపించే గది నేటికీ ఉంది. గోడ మీద సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని రూపాలు ఉన్నాయి. అవి అతను చెక్కినవేనని సందర్శకులకు చెబుతారు. పన్నెండేళ్ల చెర అన్న మాటను జనశ్రుతిగానే తీసుకున్నా, ఆ గదిలో కంసాలులు లేరు, వరహాలు లేవు, ఆజ్ఞ తీసుకునే బంట్రోతులు లేరు. ‘చేయించడం’ అన్న క్రియకు అక్కడ కర్మ దొరకదు. గోడ, గొంతు మాత్రమే మిగిలాయి. గుడి కట్టించినవాడు గోడ మీద బొమ్మ తానే గీసుకోవలసి వచ్చింది.

ఆ స్థితికి సాహిత్యంలో దొరికే రూపం ‘తక్కువేమి మనకు’ కీర్తన. కాలక్రమంలో దీని స్థానం ఏదైనా, భావక్రమంలో ఇది ‘ఇక్ష్వాకు కులతిలక’కు అవతలి ఒడ్డు. ఇందులోనూ ఒక జాబితా ఉంది. మత్స్యం మొదలుకొని భగవంతుని అవతారాలను వరసగా తలుస్తూ, అటువంటివాడు మన పక్షాన ఉండగా మనకేం తక్కువని కవి అంటాడు. జాబితా వేసే అలవాటు పోలేదు. పట్టీలోని పద్దులు మాత్రం మారాయి. అక్కడ తాను చేయించినవి ఉన్నాయి, ఇక్కడ దేవుడు చేసినవి ఉన్నాయి. వెలలు లేవు.

సర్వనామం కూడా మారింది. నగల కీర్తనలో ‘నేను’, ‘నీవు’ ఎదురెదురుగా నిలబడి వాదించుకున్నాయి. ఇక్కడ ‘మనకు’ అన్న మాట వచ్చింది. తెలుగులో ‘మాకు’ వేరు, ‘మనకు’ వేరు. ‘మనకు’ అన్నప్పుడు వినేవాడు కూడా ఆ మాటలోకి వచ్చేస్తాడు. ఒంటరిగా బందీ అయినవాడి నోట ఆ సర్వనామం పలకడమే విశేషం. తన పరగణా రైతు, తాటిపండు తెచ్చిన దమ్మక్క, కావలి కాసే సిపాయి, మూడు శతాబ్దాల తరువాత పందిట్లో తాళం వేస్తూ పాడే ఉద్యోగి, ఆ సర్వనామం వీరెవరినీ బయట ఉంచదు.